నవాబు పళ్లెంలో బంగాళాదుంప

పోయిన కాలాన్ని పళ్లెంలో వడ్డించే రెస్టారెంట్లు ప్రపంచమంతా పుట్టుకొస్తున్నాయి. రాజ్యం పోగొట్టుకున్న ఒక నవాబు 160 ఏళ్లకు పూర్వమే కోల్‌కతా శివార్లలో ఏకంగా ఓ ఊరినే అలా కట్టుకున్నాడు. మెటియాబ్రుజ్‌లో ఆ ఊరు చెరిగిపోయింది. రుచి మాత్రం రూపు మార్చుకుని బతికింది.

ఆదివారం మధ్యాహ్నానికి మెటియాబ్రుజ్ హాట్‌లో బేరాలు ఒక కొలిక్కి వస్తాయి. పిల్లల ఫ్రాకులు, జీన్స్ ప్యాంట్లు, సల్వార్ సూట్లు కట్టలు కట్టలుగా మూటల్లోకి చేరతాయి. వాటిని కొన్న వ్యాపారులు, మోసే కూలీలు, కుట్టిన దర్జీలు ఆకలితో బయటపడతారు. ఎక్కడికి వెళ్లాలో చెప్పే బోర్డు వాళ్లకు అక్కర్లేదు. ఎర్రటి గుడ్డ చుట్టిన పెద్ద హండీ కనిపిస్తే చాలు. మూత తీయగానే లేచే ఆవిరిలో మసాలా ఘాటు కంటే ముందు మొగలిపూల నీళ్ల వాసన ముక్కుకు తగులుతుంది.

పళ్లెంలోకి వచ్చేది సన్నటి పొడవాటి మెతుకులు, కొన్ని తెల్లగా, కొన్ని కుంకుమపువ్వు రంగులో. ఒక మాంసం ముక్క. దాని పక్కనే, దానికి ఏమాత్రం తీసిపోని సైజులో, పసుపు రంగు తేలిన బంగాళాదుంప. హైదరాబాద్ బిర్యానీకి అలవాటుపడ్డ తెలుగువాడు ఇక్కడే ఆగిపోతాడు. మిర్చీ కా సాలన్ లేదు, నాలుక చురుక్కుమనే కారం లేదు, పైగా బిర్యానీలో కూరగాయా! మాంసం ఖర్చు మిగుల్చుకోవడానికి హోటలువాడు వేసిన ఎత్తుగా అనుమానిస్తాడు. పక్క బల్ల మీద మాత్రం ఎదురు దృశ్యం కనిపిస్తుంది. ముక్క కాస్త చిన్నదైనా సర్దుకుపోతారు గానీ దుంప రాకపోతే కోల్‌కతాలో ఎవరూ ఊరుకోరు. ఇంకో దుంప అడిగి మరీ వేయించుకునేవాళ్లూ తక్కువేం కాదు.

ఆ దుంప వెనుక ఒక రాజ్యం కూలిన కథ ఉంది. ఊరు వదిలి వచ్చినవాడు తన ఊరిని పళ్లెంలో వెతుక్కోవడమనే, ఇప్పుడు కోట్ల రూపాయల వ్యాపారంగా మారిన అలవాటుకు అది పాత ఉదాహరణ. ఆ వెతుకులాట చివరికి ఎక్కడ తేలుతుందో కూడా ఆ కథే చెబుతుంది.

జ్ఞాపకాల వ్యాపారం

లండన్‌లోని సోహో ప్రాంతంలో 1987లో ఎడ్స్ ఈజీ డైనర్ అనే హోటల్ తెరుచుకుంది. ఎత్తు స్టూళ్లు, క్రోమియం మెరుపులు, పాత పాటలు వినిపించే జూక్‌బాక్సులు, బర్గర్లు, మిల్క్‌షేక్‌లు. అచ్చం 1950ల నాటి అమెరికా. అంతకు ఏడాది ముందే, 1986లో, లాస్ ఏంజెలిస్‌లో జానీ రాకెట్స్ అదే సూత్రంతో మొదలై తర్వాత పలు దేశాలకు పాకింది. విదేశాల్లో అలాంటి డైనర్‌లో కూర్చుని తినేవారిలో చాలామంది అమెరికా మొహం చూసినవారు కారు. 1950లలో పుట్టినవారూ కారు. ఎవరివో జ్ఞాపకాలను తామే పోగొట్టుకున్నట్టుగా కొనుక్కుంటారు.

తమాషా ఏమిటంటే అసలు డైనర్‌కు ఈ తళుకుబెళుకులతో సంబంధమే లేదు. 1872లో వాల్టర్ స్కాట్ అనే వ్యక్తి అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో గుర్రబ్బండి మీద తిండి అమ్మడం మొదలుపెట్టాడు. హోటళ్లు మూతపడ్డాక రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారే అతని ఖాతాదారులు. ఆ బండే క్రమంగా రైలు పెట్టెను పోలిన హోటలైంది, ఫ్యాక్టరీలలో తయారై ఊళ్లకు చేరింది. ఫాస్ట్‌ఫుడ్ గొలుసులు వచ్చాక దెబ్బతింది. కనుమరుగవుతున్న సమయంలో సినిమాలు, టీవీ సీరియళ్లు దాన్ని అందమైన జ్ఞాపకంగా మార్చాయి. అప్పుడు దాని నకళ్లు పుట్టుకొచ్చాయి. కూలివాడి బండి చివరికి సరదా షికారు సరుకైంది.

మనవాళ్లూ ఈ ఆటలో వెనకబడలేదు. 2010లో లండన్‌లో మొదలైన డిషూమ్ రెస్టారెంటు అమ్మేది పాత బొంబాయి ఇరానీ కేఫ్‌లనే. అసలు ఇరానీ కేఫ్‌లే వలస వచ్చినవారు పెట్టుకున్న హోటళ్లు. అంటే అది వలస జ్ఞాపకానికి మరో వలస నకలన్నమాట. హైదరాబాద్‌లో అసలైన ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే వాటి పాలరాతి బల్లలను, వంపు కుర్చీలను అనుకరించే కొత్త కేఫ్‌లు వెలుస్తున్నాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల కోసం గోంగూర, ఆవకాయ, ఉలవచారు అన్నీ బిర్యానీలోకి చేరి పెరటి వంటను గుర్తుచేసే పని చేస్తున్నాయి.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. బిల్లు కట్టి బయటికి రాగానే ఆ లోకం ముగుస్తుంది. మెటియాబ్రుజ్ నవాబుకు ఆ సదుపాయం లేదు. ఆయన కట్టుకున్న నకలులోనే 31 ఏళ్లు బతికి, అందులోనే కన్నుమూశాడు.

తొమ్మిదేళ్ల పాలన, 31 ఏళ్ల ప్రవాసం

అవధ్ చివరి పాలకుడు వాజిద్ అలీ షా 1847లో గద్దెనెక్కాడు. కవి, నాట్యకారుడు, సంగీతం తెలిసినవాడు. పాలన చేతకాని విలాసపురుషుడని ఈస్టిండియా కంపెనీ ముద్ర వేసింది. 1856 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో అవధ్‌ను కంపెనీ కలిపేసుకుంది. సత్యజిత్ రే 1977లో తీసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’ చూసినవారికి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. అందులో నవాబు పాత్రను అమ్జద్ ఖాన్ పోషించాడు.

అప్పటికి నవాబు వయసు 33. అన్యాయం జరిగిందని గవర్నర్ జనరల్‌కు, అవసరమైతే లండన్ వెళ్లి విక్టోరియా రాణికే విన్నవించుకుందామని 1856 మార్చిలో లక్నో వదిలాడు. మే నెలలో కలకత్తా చేరాడు. ఆరోగ్యం సహకరించక ఆయన ఆగిపోతే తల్లి మలికా కిష్వర్ లండన్ ప్రయాణం కట్టింది. పని జరగలేదు. తిరుగుదారిలో 1858 జనవరిలో పారిస్‌లో మరణించింది. ఆమె సమాధి ఇప్పటికీ అక్కడి పేర్ లషేజ్ శ్మశానవాటికలోనే ఉంది. ఈలోగా 1857 తిరుగుబాటు రాజుకుంది. లక్నోలో ఉండిపోయిన బేగం హజ్రత్ మహల్ తన కొడుకు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించి కంపెనీతో పోరాడింది. ఓడాక నేపాల్ వెళ్లిపోయి 1879లో కాఠ్మండులో కన్నుమూసింది. కలకత్తాలో ఉన్న నవాబును బ్రిటిష్ వారు ముందుజాగ్రత్తగా 1857 జూన్‌లో ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. రెండేళ్ల తర్వాత విడుదలయ్యేసరికి తిరిగి వెళ్లడానికి ఆయనకు లక్నో లేదు. నెలకు లక్ష రూపాయల చొప్పున ఏటా 12 లక్షల పింఛను మాత్రం ఉంది.

ఆ డబ్బుతో ఆయన లక్నోనే కలకత్తాకు రప్పించుకున్నాడు. ఫోర్ట్ విలియం నుంచి హుగ్లీ వెంట కొన్ని కిలోమీటర్లు దిగువకు వెళితే గార్డెన్ రీచ్. అక్కడే మట్టి బురుజు అన్న అర్థంలో పేరొచ్చిన మెటియాబ్రుజ్. ఆ నది ఒడ్డున సుల్తాన్ ఖానా, అసద్ మంజిల్, మురస్సా మంజిల్ వంటి భవనాలు లేచాయి. 1864లో సిబ్తైనాబాద్ ఇమాంబాడా వెలసింది. పులులు, పక్షులు, పాముల గుట్టతో ఒక జంతుశాల తయారైంది. కలకత్తాకు అలీపూర్ జూ రాకముందే, 1876కు మునుపే, నగర జనం నవాబు జంతువుల గురించి కథలు చెప్పుకునేవారు. ఆయన వెంట, ఆయన తర్వాత లక్నో నుంచి వేల మంది వచ్చారు. పాటగాళ్లు, కథక్ నర్తకులు, దర్జీలు, గాలిపటాలు చేసేవాళ్లు, అత్తరు వ్యాపారులు, వంటవాళ్లు.

ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ తండ్రి నవాబు కొలువులో ఉండేవాడు. 1860లో పుట్టిన షరర్ బాల్యం కొంత మెటియాబ్రుజ్‌లోనే గడిచింది. తర్వాతి కాలంలో లక్నో జీవితం గురించి ఆయన రాసిన ‘గుజిష్తా లక్నో’లో ఆ ఊరు మరో లక్నోలా కనిపిస్తుంది. అదే ఉర్దూ, అదే మర్యాదలు, అవే ముషాయిరాలు, అవే కోడిపందేలు, అదే మొహర్రం. వీధిలో నడుస్తుంటే బెంగాల్‌లో ఉన్నామన్న సంగతే తట్టేది కాదట. రెస్టారెంటు సెట్టింగు వేసే డిజైనర్లు కలలో కూడా ఊహించని నకలు అది.

తినేది ఒకటి, కనిపించేది మరొకటి

నకలుకు, తిండికి అవధ్‌లో పాత చుట్టరికమే ఉంది. లక్నో వంటశాలల్లో పెద్ద దేగీశాలతో జనానికి వండేవాడు బావర్చీ. పరిమితంగా, అపురూపంగా చేసిపెట్టేవాడు రకాబ్‌దార్. ఒక పదార్థాన్ని మరో పదార్థంలా కనిపించేట్టు చేయడం రకాబ్‌దార్ ప్రతిభకు పరీక్ష. షరర్ చెప్పిన కథ ఒకటి ఇప్పటికీ ప్రచారంలో ఉంది. ఢిల్లీ రాజకుటుంబానికి చెందిన మీర్జా ఆస్మాన్ ఖద్ర్ లక్నో వస్తే వాజిద్ అలీ షా విందు ఇచ్చాడు. పళ్లెంలో మురబ్బా. తియ్యగా ఉంటుందని నోట్లో పెట్టుకుంటే అది మాంసం ఖోర్మా. అతిథి సిగ్గుపడ్డాడు. కొన్నాళ్లకు ఆయన తిరుగు విందు ఏర్పాటు చేశాడు. పులావు, కబాబులు, రొట్టెలు, కూరలు అన్నీ ఉన్నాయి. నవాబు ఏది ముట్టుకున్నా పంచదారే. చివరికి గిన్నెలు, పళ్లేలు కూడా పంచదారవే.

ఇదే షరర్ రాసిన మరో మాట కోల్‌కతా బిర్యానీ అభిమానులను ఇరుకున పెడుతుంది. లక్నో రుచి తెలిసినవాళ్లు బిర్యానీ కంటే పులావునే గొప్పగా భావించేవారు. బిర్యానీ ఢిల్లీ వాళ్ల ఇష్టం. మసాలా ఎక్కువైన పులావు వారి దృష్టిలో మోటు వంట. అంటే నవాబు వారసత్వం పేరుతో కోల్‌కతా నెత్తిన పెట్టుకున్న వంటకం ఆనాటి లక్నో రసికుల పట్టికలో అగ్రస్థానంలో లేనిదే. అయినా లక్నో చేతివాటం అందులో లేకపోలేదు. హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసాన్ని మసాలా పట్టించి బియ్యం కింద పెట్టి దమ్ ఇస్తారు. లక్నో పద్ధతిలో మాంసాన్ని ముందే ఉడికించి, ఆ రసాన్ని బియ్యానికి పట్టిస్తారు. కోల్‌కతా వంటవాళ్లు ఈ రెండో దారినే నడిచారు. కారం, మసాలా తక్కువ. మొగలి నీళ్లు, మీఠా అత్తరు, కుంకుమపువ్వు రంగు ఎక్కువ. హండీ అంచుకు పిండి మెత్తి మూత బిగించి దమ్ పెట్టడం మామూలే.

ఇందులోకి దుంప ఎలా వచ్చింది? మెటియాబ్రుజ్ అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

పేదరికమా? ప్రయోగమా?

అందరూ చెప్పే కథ క్లుప్తంగా ఇదీ. రాజ్యం పోయింది, డబ్బు తరిగింది, పరివారం పెరిగింది. అందరికీ సరిపడా మాంసం కొనలేక నవాబు వంటవాళ్లు దుంపలతో గిన్నె నింపారు. టూరిస్టు గైడ్లు, టీవీ వంటల కార్యక్రమాలు ఈ కథనే వినిపిస్తాయి. వినడానికి బాగుంటుంది. ఓడిన రాజు, చిక్కిన మాంసం, ఆదుకున్న దుంప.

నవాబు వంశీకులకు మాత్రం ఈ కథ వింటే ఒళ్లు మండుతుంది. వాజిద్ అలీ షా, హజ్రత్ మహల్ సంతతికి చెందిన మంజిలత్ ఫాతిమా కోల్‌కతాలో తన పేరు మీదే రెస్టారెంటు ప్రారంభించి ఇంటి వంటలను బయటివారికి రుచి చూపించారు. ఆమె తండ్రి కౌకబ్ ఖద్ర్ సజ్జాద్ అలీ మీర్జా వాజిద్ అలీ షా సాహిత్యం మీద పరిశోధన చేసిన ఉర్దూ ఆచార్యుడు. 2020లో కొవిడ్‌తో మరణించారు. పేదరికం వల్లే దుంప వచ్చిందన్న వాదనను ఫాతిమా బహిరంగంగానే తోసిపుచ్చారు. ఆ రోజుల్లో దుంప కొత్త సరుకని, కొత్త రుచులంటే ఇష్టపడే నవాబు వంటశాలలో అది ప్రయోగంగా చేరిందని ఆమె వాదన.

లెక్కలు చూస్తే ఆమె మాటలో బలం కనిపిస్తుంది. ఏటా 12 లక్షల పింఛను ఆనాడు సామాన్యమైన మొత్తం కాదు. పులులకు రోజూ మేకలను వేయగలిగిన ఇంట్లో మనుషుల పళ్లేనికి మాంసం కరువైందంటే నమ్మడం కష్టం. బంగాళాదుంప పోర్చుగీసు వాళ్లతో పశ్చిమ తీరానికి వచ్చినా బెంగాల్‌లో దాని సాగు విస్తరించింది బ్రిటిష్ హయాంలోనే. మిషనరీ విలియం కేరీ 1820లో కలకత్తాలో స్థాపించిన అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ వంటి సంస్థలు కొత్త పంటలను ప్రోత్సహించాయి. నవాబు కలకత్తా చేరేనాటికి దొరల బల్లల మీద అది పరిచిత పదార్థమే. లక్నో వంటవాడికి మాత్రం కొత్త ఆటబొమ్మ.

అలాగని నవాబు ఖజానా ఎప్పుడూ నిండుగా ఉందనీ చెప్పలేం. ఆయన ఖర్చులు, అప్పులు బ్రిటిష్ అధికారులకు నిత్యం తలనొప్పి. 1887 సెప్టెంబరులో ఆయన మరణించాక ఆస్తులు, బాకీల పరిష్కారానికి 1887, 1888లలో ‘కింగ్ ఆఫ్ ఔధ్స్ ఎస్టేట్’ పేరుతో ప్రత్యేకంగా చట్టాలే చేయాల్సి వచ్చింది.

మూడో వాదన కోట గోడ దాటి బజారుకు తీసుకెళుతుంది. కోల్‌కతాలోని చిత్‌పూర్‌లో 1905లో లక్నో నుంచి వచ్చినవారు ప్రారంభించిన రాయల్ ఇండియన్ హోటల్ చాంప్‌కు, బిర్యానీకి పేరుమోసింది. ఆ బిర్యానీలో చాలాకాలం దుంప లేదు. నేరుగా లక్నో నుంచి వచ్చిన చేతులకు దుంప తెలియకపోవడంలో వింత లేదు. అదే కాలంలో రేవులు, మిల్లులు, కుట్టు ఖార్ఖానాల కూలీలతో నిండుతున్న నగరంలో తక్కువ డబ్బుతో కడుపు నింపే బిర్యానీ కావాల్సి వచ్చింది. అక్కడ దుంప ప్రయోగమా, పొదుపా అని అడిగినవారు లేరు. అది ఆకలి తీర్చింది. పైగా వంటవాళ్లు దాన్ని చిన్నచూపు చూడలేదు. పెద్ద దుంపను చెక్కు తీసి, నూనెలో రంగు తేలేదాకా వేయించి, మాంసం రసంలో ఉడికించి గిన్నెలోకి దించారు. దమ్ సమయంలో కారే కొవ్వును, పరిమళాన్ని అన్నం కంటే ముందు అదే పీల్చుకుంటుంది. సరిగా కుదిరిన దుంప వేలు ఆనిస్తే విరగాలి, గరిటె తగిలితే చితకకూడదు. మాంసం వండటం కంటే దుంప వండటమే కష్టమని చెప్పే వంటవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పేదరికమా, ప్రయోగమా అన్న తగాదా దుంప గురించి కాదు. పోగొట్టుకున్నవాడి పరువు గురించి. బీదవాడై దుంప తిన్నాడంటే నవాబు జాలిపడాల్సిన మనిషి. కొత్తదని ముచ్చటపడి తిన్నాడంటే ప్రవాసంలోనూ రసికత వదులుకోని మనిషి. ఏ కథను నమ్ముతారన్నది ఆ మనిషిని ఎలా చూడాలనుకుంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. పాలన చేతకాదని ముద్ర వేసి రాజ్యం లాక్కున్నవారి తరువాత, తిండికి లేక దుంప తిన్నాడన్న మాట ఆ కుటుంబానికి రెండో ముద్రలా తోచడంలో ఆశ్చర్యం లేదు.

చెదిరిన నకలు

నవాబు పోయాక బ్రిటిష్ వారు నకలు లక్నోను మిగలనివ్వలేదు. జంతువులు వేలంలో అమ్ముడుపోయాయి. భవనాలు చేతులు మారాయి, చాలావరకు నేలమట్టమయ్యాయి. పరివారం చెల్లాచెదురైంది. ఈ కథలో ఓ విందు ఇంకా మిగిలే ఉంది. తండ్రి మరణం తర్వాత నేపాల్ నుంచి కలకత్తా తిరిగొచ్చిన బిర్జిస్ ఖద్ర్ 1893లో ఒక విందు భోజనం చేసిన తర్వాత ప్రాణాలు కోల్పోయాడు. బంధువులే విషం పెట్టారని ఆయన వంశీకులు నేటికీ నమ్ముతారు. మురబ్బాలో ఖోర్మా దాచి నవ్వుకున్న వంశపు కథ చివరకు అక్కడికి చేరింది.

నదీతీరాన్ని రేవులు, రైల్వే ఆక్రమించాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే గార్డెన్ రీచ్‌లో తన ప్రధాన కార్యాలయం పెట్టుకుంది. 1955లో దాని వారసురాలిగా వచ్చిన ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కడి బి.ఎన్.ఆర్. హౌస్‌లోనే కలకత్తా వచ్చిన కొత్తలో నవాబు బస చేశాడని చెబుతారు. ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ కొత్త పేరు కాదు. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్‌కు బదిలీ ఉత్తర్వులైనా, ప్రమోషన్లయినా అక్కడి నుంచే రావాలి. ఇదే రైల్వే కొలువుల కోసం వెళ్లిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడి అక్కడ ఒక చిన్న ఆంధ్రాను నిలబెట్టుకున్నారు. ఊరు వదిలినవాడు ఊరిని వెంట తీసుకెళ్లడం నవాబులకు మాత్రమే చెందిన విలాసం కాదనడానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

మెటియాబ్రుజ్‌లో నవాబు కాలం ఆనవాళ్ల కోసం వెతికితే మొదట కనిపించేది సిబ్తైనాబాద్ ఇమాంబాడా. ద్వారం మీద అవధ్ రాజచిహ్నం, లోపల షాండ్లియర్లు, వాజిద్ అలీ షా సమాధి. బయటికొస్తే ఇరుకు సందులు, కుట్టుమిషన్ల రొద. నవాబు వెంట వచ్చిన దర్జీల విద్య తర్వాత వచ్చిన వేలాది చేతులకు పాకి, దేశం నలుమూలలకూ రెడీమేడ్ దుస్తులు పంపే పరిశ్రమగా ఎదిగింది. గాలిపటాల తయారీ కూడా మిగిలింది. షేర్వానీలు కుట్టిన చోట ఇప్పుడు పిల్లల గౌన్లు కుడుతున్నారు. ఎవరూ దాన్ని వారసత్వ సంపద అని పిలవరు. అది వాళ్ల బతుకుతెరువు.

అవధ్ వైభవం పేరుతో భోజనం చేయాలంటే నగరవాసులు మెటియాబ్రుజ్ వెళ్లరు. 2010 దశకంలో దక్షిణ కోల్‌కతాలో ఔధ్ 1590 అనే రెస్టారెంటు వచ్చింది. నవాబుల కాలపు వాతావరణంలో భోజనం దాని ప్రత్యేకత. పాతకాలపు దీపాలు, వెనుక నుంచి ఠుమ్రీలు, గజళ్లు. డైనర్‌లో జూక్‌బాక్స్ చేసే పని ఇక్కడ ఠుమ్రీ చేస్తుంది. జనం ఆదరించారు, శాఖలూ వచ్చాయి. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. నవాబు చేసిందీ ఇంచుమించు ఇదే కదా. కాకపోతే పేరులో ఉన్న ఆ 1590లో అవధ్‌లో ఎవరూ బంగాళాదుంపను కంటితో చూసి ఉండరు. ఆనాటి లక్నోను అచ్చుగుద్దినట్టు చూపించాలంటే కోల్‌కతా ప్రాణంగా చూసుకునే దుంపను బయట వదిలి లోపలికి వెళ్లాలి.

ఎదురు ప్రయాణం

అమెరికా డైనర్ ప్రయాణాన్ని, మెటియాబ్రుజ్ ప్రయాణాన్ని పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ రాత్రి షిఫ్టు కార్మికుడి గుర్రబ్బండి, డబ్బున్నవారి తీపి జ్ఞాపకంగా పైకెక్కింది. ఇక్కడ ఒక రాజు తీపి జ్ఞాపకం కార్మికుడి మధ్యాహ్న భోజనంగా కిందికి దిగింది. మెటియాబ్రుజ్ సందుల్లో మటన్ కొనలేనివారికి బీఫ్ బిర్యానీ ఉంది. అదీ చాలకపోతే ముక్కకు బదులు దుంపే ఆసరా. తినేవారిలో ఎక్కువమందికి లక్నోతో పనిలేదు. బెంగాల్ పల్లెల నుంచి, బీహార్ నుంచి పనికి వచ్చినవారికి అది మరొకరి ఊరి రుచి కాదు. తామున్న ఊరి రుచి.

నకలు ఎప్పుడు అసలవుతుందన్న ప్రశ్నకు సమాధానం అక్కడ దొరుకుతుంది. అద్దాల వెనుక భద్రపరిచినంతకాలం అది నకలే. ప్రతి ప్లేటూ నిన్నటిలాగే ఉండాలి, ప్రతి దీపమూ పాతదానిలాగే వెలగాలి. ఎవరో ఒకరు అవసరానికో, ముచ్చటకో అందులో చెయ్యి పెట్టి మార్చినప్పుడే అది వాళ్ల సొంతమవుతుంది. పులులతో, పాటగాళ్లతో, 12 లక్షల పింఛనుతో మార్పులేని లక్నోను నిలబెట్టాలని నవాబు చూశాడు. ఆయనతోనే అది పోయింది. ఏ వంటవాడో గిన్నెలో వేసిన దుంప మాత్రం నిలిచింది. మారినది కాబట్టే మిగిలింది.

మెటియాబ్రుజ్ హోటల్లో దుంపను చూసి మొహం చిట్లించే తెలుగు అతిథి ఒక్క క్షణం తన భాషను తలుచుకోవాలి. తెలంగాణలో ఆలుగడ్డ, సీమలో ఉర్లగడ్డ అనే ఆ దుంపకు కోస్తా ఇళ్లలో తరాలుగా ఉన్న పేరు బంగాళాదుంప. సముద్రాలు దాటి వచ్చిన ఆ పరాయి దుంపను తెలుగువాళ్లు ఏనాడో బెంగాల్ ఖాతాలో రాసేశారు. బిర్యానీలో అది ఎక్కడిదని అడిగితే జవాబు దాని పేరులోనే ఉంది.